రెండో మనిషి చూడాలి

"డబ్బులు రాని పని మీద అంత శ్రద్ధేమిటో నీకు," అన్నారు ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

అప్పుడు నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. దాని కింద ఆయన చొక్కా కాలరు ఉంది. ఏ పని గురించి అంటున్నారో ఒక్క క్షణం నాకు నిజంగానే అర్థం కాలేదు. తర్వాత చూసుకుంటే ఇస్త్రీబల్ల కొసన లాప్‌టాప్ తెరిచి ఉంది, నా కళ్ళు దాని మీద ఉన్నాయి. ఓహో, అదా! నవ్వొచ్చింది. నవ్వితే ఎందుకని అడుగుతారు, చెబితే గొడవవుతుంది, ఆదివారం పొద్దున్నే గొడవ దేనికని చొక్కా తిప్పి వీపు భాగం రుద్దుకున్నాను.

ఆ లాప్‌టాప్‌లో ఉన్నది కంప్యూటర్లకి తేదీలు లెక్కకట్టి చెప్పే చిన్న ప్రోగ్రాం. ముప్పై ఒకటో తారీకున డాక్టరు నెల తర్వాత రమ్మంటే ఏ రోజు రావాలి? వచ్చే నెలలో ముప్పై ఒకటే లేకపోతే? ఏటా ఒకసారి గడియారం ముందుకు జరిపే దేశంలో ఉన్నవాడికి గంట పోయినట్టా, మిగిలినట్టా? మనం వేళ్ళు మడిచి ఎలాగో తేల్చేసుకునే ఇలాంటి చిక్కులు కంప్యూటరుకి ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. మేము నేర్పాం. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఎలా రాసి ఉందో చదువుకోవచ్చు, బాగుచేసి తిరిగి ఇవ్వొచ్చు. తీసుకోవడం అందరికీ బాగానే తెలుసు. చదవడం కొంతమందికి తెలుసు. తిరిగి ఇవ్వడం దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ ఏదో ఒక పని పడుతుంది.

నేను మొదలుపెట్టినప్పుడు అలా లేదు. అప్పటికింకా మా అమ్మాయి పుట్టలేదు. ఎక్కడెక్కడివాళ్ళమో ఒక గుంపుగా చేరాం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు, పేర్లు కూడా పెట్టుకున్న పేర్లే. జడ చుట్టి పెన్సిల్ గుచ్చుకునే అలవాటు వల్ల నా పేరు పెన్సిల్. ముప్పై ఒకటి లేని నెలలో లెక్క ముప్పై దగ్గరే ఆగాలా, మర్నాటికి జరగాలా అని వారాల తరబడి కొట్టుకున్నాం. ఆ కొట్లాటలో ఎంత సుఖం ఉండేదో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. నేను రాసిన దాంట్లో తప్పుంటే "ఇక్కడ తప్పు" అనేవారు. అంతే. ఇంట్లోలాగా, నీకు ముందే చెప్పానా, మీ వాళ్ళంతా ఇంతేనా అని తాతల దాకా వెళ్ళేవాళ్ళు కాదు. నాకంటూ ఉన్న చోటు అదొక్కటే. నేను అక్కడ ఎవరి భార్యనీ కాదు, ఎవరి కోడలినీ కాదు. అసలు ఆడదాన్ననే చాలామందికి తెలియదు. "థాంక్స్ బ్రదర్" అని రాసేవారు. ఒకసారి నా భుజం మీదుగా అది చదివి, "అమ్మా, నువ్వు బ్రదరువా?" అని మా అమ్మాయి కిందపడి దొర్లి నవ్వింది.

తర్వాత ఒక్కొక్కరే తగ్గారు. మగవాళ్ళు వెళ్ళేటప్పుడు పెద్ద వీడ్కోలు పోస్టు పెట్టి వెళ్ళారు. కొత్త ఉద్యోగమనీ, పాప పుట్టిందనీ, ఇక తీరదనీ రాస్తే, కింద అందరూ పొగిడి సాగనంపేవారు. మాటల్లో ఆడవాళ్ళని నాకు తెలిసినవాళ్ళు మాత్రం అలా వెళ్ళలేదు. ఒకరోజు నుంచి జవాబివ్వడం మానేశారు. ఏమైందని ఎవరూ అడగలేదు, అడగాలని నాకు తోచేసరికి ఆ అడ్రసులు పనిచేయడం లేదు. కొత్తవాళ్ళు వస్తారులే అనుకున్నాను. ఇదివరకు ఏదో సందేహం అడగడానికి వచ్చినవాళ్ళే మెల్లగా పనిలోకి దిగేవారు. ఇప్పుడు సందేహాలన్నీ ఏఐ యంత్రాన్నే అడుగుతున్నారు, మా గుమ్మం తొక్కే అవసరం ఎవరికీ లేదు. అప్పుడప్పుడు ఎవరో ఆ యంత్రం చేత రాయించిన సవరణ ఒకటి మా మీద పడేసి పోతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపలంతా తప్పులే. ఇక్కడ ఇలా ఎందుకు రాశారని అడిగితే ఉలుకూ పలుకూ ఉండదు. అది శుభ్రం చేసేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. వాడుకునేవాళ్ళు మాత్రం ఏటికేడాది పెరుగుతూనే ఉన్నారు. "ఇది ఇంకా సరిచేయలేదా?" "ఎన్నాళ్ళు ఎదురుచూడాలి?" అన్నం వడ్డించడం ఆలస్యమైతే కంచం మీద వేళ్ళతో వాయించే చప్పుడు నాకు ఆ అక్షరాల్లో వినిపిస్తుంది.

మా ప్రాజెక్టుకి మొదటి నుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఎవరు రాసింది వాళ్ళే ఒప్పుకోకూడదు. రెండో మనిషి చదివి, సరే అంటేనే అది లోపలికి వెళ్ళాలి. ప్రోగ్రాం ఉండే సైటుకి కూడా అలాగే తాళం వేసి పెట్టుకున్నాం, రెండో పేరు మీద ఒప్పుకోలు నొక్కితే తప్ప తెరుచుకోదు. అందరూ పోయి నేనొక్కదాన్నే మిగిలినప్పుడు ఆ తాళం తీసేయొచ్చు, ఒక్క మీట నొక్కితే చాలు. నా వల్ల కాలేదు. తీసేస్తే ఇక ఎవరూ రారని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు ఉంటుందనిపించింది. ఇంకో పేరుతో ఇంకో ఖాతా తెరిచాను. పెన్సిల్‌కి తోడు ఏముంటుంది, రబ్బరు అని పెట్టాను.

అప్పటి నుంచి పెన్సిల్ రాస్తుంది, రబ్బరు చదువుతుంది. మొదట్లో సరదాగానే ఉండేది. "ఈ మాట ఎవరికీ అర్థం కాదు, మార్చు," అని రబ్బరు అనేది. "సరే, మారుస్తున్నా," అని పెన్సిల్ అనేది. ఒకసారి ఇద్దరికీ మాటా మాటా పెరిగి, రబ్బరే తగ్గింది. బయటి నుంచి చూసేవాళ్ళకి ఇద్దరు మనుషులు చక్కగా పనిచేసుకుంటున్నట్టే ఉంటుంది. అయితే ఆ ఇద్దరికీ ఉన్నది ఒకే నడుము, ఒకే జత కళ్ళు. ఆడపడుచు కుటుంబం వచ్చి వెళ్ళిన ఒక వారంలో పొద్దున పెన్సిల్ ఒక మార్పు రాసింది. సాయంత్రానికి రబ్బరు అలసిపోయి, చదవకుండానే సరే అని నొక్కేసింది. తప్పు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తప్పు తిరిగి తిరిగి మా ఆఫీసులోనే బయటపడింది. మా కంపెనీ ఆసుపత్రులకి అపాయింట్‌మెంట్లు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. నెలనెలా ఇంజెక్షనుకి రావలసిన రోగుల్లో, జనవరి చివరి రోజుల్లో వచ్చినవాళ్ళకి మళ్ళీ తేదీ మార్చిలో పడుతోంది. ఫిబ్రవరి మొత్తం మాయం! ఆసుపత్రి నర్సు ఒకావిడ గమనించి ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది. వెతగ్గా వెతగ్గా తేదీలు చెప్పే ఉచిత ప్రోగ్రాంలో తప్పని తేలింది. దాన్ని చూసుకునేది పెన్సిల్ అనే వాడెవడో అని కూడా తేలింది.

"మేడమ్, మీరు చక్కగా రాస్తారు కదా," అన్నారు మా మేనేజరు. "ఆ పెన్సిల్ గాడికి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. రోజూ గుర్తుచేస్తూ ఉండండి. మీకైతే ఓపిక ఎక్కువ."

ఆ పెన్సిల్ నేనేనని అప్పుడే చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. ఈ ఉద్యోగం కోసం వెళ్ళిన రోజు ఈ ప్రాజెక్టు గురించి చెబితే, ఇంటర్వ్యూ చేసినాయన నవ్వి, "హాబీ అన్నమాట. వంటా అదీ కూడా బాగా చేస్తారా?" అన్నాడు. అప్పటి నుంచి ఆఫీసులో దాని ఊసెత్తలేదు. పైగా ఇల్లంతటికీ అన్నీ గుర్తుచేసే ఉద్యోగం నాకు ఎటూ ఉంది. అత్తయ్య చెకప్పూ, అమ్మాయి టీకాలూ, ఆయన ఇన్సూరెన్సూ, ఆఖరికి ఆయన చెల్లెలి పెళ్ళిరోజు కూడా నా బుర్రలోనే ఉంటాయి. ఇప్పుడు నాకు నన్ను కూడా గుర్తుచేయమంటున్నారు. సరే, కానిమ్మని కూర్చుని రాశాను. "గౌరవనీయులైన పెన్సిల్ గారికి," అని మొదలుపెట్టాను. ఈమధ్య కాలంలో నన్నెవరూ అంత మర్యాదగా పిలవలేదు.

ఆ మెయిల్ నేను కంటి ఆసుపత్రి వరండాలో కూర్చుని చదువుకున్నాను. అత్తయ్యకి కంటిపొర తీసే ఆపరేషన్. ఆయనకి ఆఫీసులో ముఖ్యమైన పని పడింది, సెలవు నేనే పెట్టాను. ఒడిలో అత్తయ్య చేతిసంచీ, పక్కన ఆవిడ చెప్పులు, చేతిలో ఫోను. తీరిక చేసుకుని వెంటనే స్పందించగలరని ప్రార్థన, అని నేనే నన్ను వేడుకుంటున్నాను. తీరిక చేసుకుంటాను తల్లీ, కాస్త ఆగు, అని మనసులోనే జవాబిచ్చి ఫోను సంచీలో పడేశాను.

తిరిగి ఆఫీసుకి వెళ్ళిన రోజు మీటింగు. ఎప్పటిలాగే నోట్సు రాసుకునే పని నాది. అదెప్పుడు నా పనైందో ఎవరికీ గుర్తులేదు, గదిలో ఉన్న ఒకే ఒక్క ఆడదాని ముందుకి కాగితం దానంతటదే జరుగుతుంది.

"ఆ పెన్సిల్ గాడు పలికాడా?" అన్నారు మేనేజరు.

"ఉచితంగా వచ్చేవాటితో ఇదే తలనొప్పి సార్," అన్నాడు పక్కనున్న సీనియరు. "పడుకుని ఉంటాడు. బాధ్యత లేని మనుషులు."

అందరూ నవ్వారు. నేను "బాధ్యత లేని మనుషులు" అని రాసుకున్నాను, చేతి అలవాటు. రాసిన మాట చూశాను. అయినా నా గొంతు ఎప్పటిలాగే మామూలుగానే వచ్చింది.

"అత్తగారికి కంటి ఆపరేషనండీ. అందుకే ఆలస్యమైంది."

"ఎవరి అత్తగారికి?"

"పెన్సిల్ వాళ్ళ అత్తగారికి."

"వాడి అత్తగారి సంగతి మీకెలా తెలుసు?"

"మా ఇంట్లోనే ఉంటారండీ ఆవిడ. పెన్సిల్ నేనే."

సీనియరు తన కప్పులోకి చూసుకున్నాడు. క్షమించండి అంటారేమోనని ఎక్కడో ఒక మూల ఆశపడ్డాను, అబద్ధమెందుకు. మేనేజరు మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది.

"ఇంటి మనిషిని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం చూడండి! ఇంకేం, కొంప మునగలేదు. రేపటికి అయిపోతుందన్నమాట."

"చేస్తాను సార్. ఆఫీసు పనిగా చేస్తాను. మన టీములో ఇంకొకరిని కూడా నాతో కూర్చోబెట్టండి. నేను రాసింది ఇంకో మనిషి చదవాలి."

"అబ్బే, అది మీ సొంతం కదా. సేవలాంటిది. దానికి ఆఫీసు టైమంటే పైవాళ్ళు ఒప్పుకోరు." అప్పటికే ఆయన లేచి కాగితాలు సర్దుకుంటున్నారు. "అయినా మీకిష్టమైన పనే కదా మేడమ్."

ఆ ఆఖరి మాట దారంతా నా వెంటే వచ్చింది. బస్సులో కూర్చున్నా నా పక్కనే కూర్చుంది. అవును, ఇష్టమే. అదే కదా నా బాధ. నాకు ఇష్టం లేని పనుల సంగతి నాకు తెలుసు, వాటితో నాకు రాజీ కుదిరిపోయింది. వాటి దగ్గర నేను చేతులు మాత్రమే పెడతాను. ఈ ఒక్కదాని దగ్గర మనసు పెట్టాను. ఇప్పుడు దాన్ని కూడా ఆ వరసలోకి జరిపేస్తున్నారు, అంట్ల పక్కకి, బట్టల పక్కకి. రేపటికి ఇచ్చేయండి చాలు, అన్నట్టు. రేపు ఇచ్చేస్తాను, ఎల్లుండి ఇంకోటి ఇస్తాను. కొన్నాళ్ళకి లాప్‌టాప్ తెరుస్తుంటే కూడా సింకు ముందు నిలబడ్డప్పటి నీరసం వస్తుంది. అప్పుడు నాకంటూ ఏం మిగులుతుంది? ఆ ఆలోచనకి నిజంగా భయం వేసింది.

ఇంటికొచ్చి ఆయనతో చెప్పాను, ఆఫీసులో తెలిసిపోయిందని.

"మంచిదే. జీతం ఏమైనా పెంచుతారటా?"

"లేదు."

"మరి చెప్పడం దేనికి? మానేయ్. ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" తర్వాత సలహా ఇచ్చే గొంతుతో అన్నారు. "నీదీ తప్పుంది. ఎవరినీ దగ్గరికి రానివ్వవు నువ్వు. ఇంట్లో మాత్రం? నేనొక గిన్నె కడిగితే మళ్ళీ కడుగుతావు."

ఆ మాట మీద నేను న్యాయంగానే ఆలోచించాను. ఆయన కడిగిన గిన్నెకి సబ్బునురగ అలాగే ఉంటుంది, దాంట్లో పాలు పోయలేం. కడిగిన సంగతి హాల్లోకి వినబడేలా చెప్పి మరీ వస్తారు, వారం తర్వాత కూడా ఎత్తి చూపుతారు. ప్రాజెక్టులో వచ్చిన ప్రతి కొత్తవాడికీ నేను పూటలు పూటలు కూర్చుని నేర్పాను, వాళ్ళు నేర్చుకుని వెళ్ళిపోయారు. లేదు, ఈ తప్పు నాది కాదు. ఎంత వెతికినా కాదు. తేల్చుకున్నాక ప్రాణం కుదుటపడింది.

అత్తయ్య నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. చుక్కలు వేయడానికి వెళ్ళాను. ఆవిడ చెవులకి ఏ ఆపరేషనూ జరగలేదు, అంతా విన్నది.

"అందరూ వెళ్ళిపోయారు కదా, నువ్వొక్కదానివే ఎందుకున్నావమ్మాయ్ అక్కడ?"

"నాకిష్టం అత్తయ్యా."

చుక్క పడింది. కన్ను మూసుకుని, తల వెనక్కి వాల్చే మాట్లాడింది.

"నా వంటంటే మనవాళ్ళందరికీ ఎంత మోజో నీకు తెలుసుగా. ఏ శుభకార్యమైనా నన్నే పిలిచేవారు. వదిన చెయ్యి పడితే చాలు అనేవారు." చెంప మీదికి జారిన మందు తుడుచుకుంది. "నాకు వంటంటే ఇష్టం లేదు. ఏనాడూ లేదు."

నా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ నేను విన్నది ఆవిడ చేతివంట గొప్పే. నా వంటకి పెట్టిన వంకలన్నీ ఆ వంటతో పోల్చి పెట్టినవే.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. నీకిష్టమే కదా అని గరిటె చేతికిచ్చారు కానీ, నీకిష్టమా అని అడిగినవాళ్ళు లేరు. చేతకాదంటే ఇంకెవరైనా వచ్చేవారేమో. నేను అనలేదు, వాళ్ళు రాలేదు. అలాగే గడిచిపోయింది." చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. "నీకు నిజంగా ఇష్టమైనది ఒకటుంది. నాకు అదీ లేకపోయింది. దాన్ని మాత్రం వంటగది చేసుకోకు తల్లీ."

హాల్లో పేపరు చప్పుడు ఆగిపోయింది. నేను అటు చూడలేదు. అత్తయ్య చేతి మీద చెయ్యి వేసి కాసేపు అక్కడే కూర్చున్నాను. ఆవిడతో అన్నేళ్ళు ఒకే వంటగదిలో తిరిగి కూడా, ఆవిడ పక్కన ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున టీ తాగాక భోజనాల బల్ల మీదే సవరణ రాశాను. చిన్నదే. నెలాఖరు తేదీ పక్క నెలలో లేకపోతే ఆ నెల చివరి రోజుకి ఆగమని చెప్పడం, అంతే. పెన్సిల్ పేరు మీద పంపి, అలవాటుగా రబ్బరు ఖాతాలోకి వెళ్ళాను. ఈసారి శ్రద్ధగా చదివాను. సరిగ్గానే ఉంది. ఒప్పుకోలు మీట పచ్చగా ఎదురుగా ఉంది, నొక్కితే ఫిబ్రవరి తిరిగొస్తుంది, నేను ఆఫీసుకి వెళ్ళేసరికి అందరూ సంతోషిస్తారు. రబ్బరుకి కూడా అలవాటైపోయింది పాపం, వేలు మీట మీదికి వెళ్ళిపోతోంది. వెనక్కి తీసుకున్నాను. ఆ మీట వదిలేసి, ఖాతా మూసేసే మీట వెతికి పట్టుకున్నాను. నిజంగానే మూసేయాలా అని సైటు అడిగింది. అవునన్నాను. ప్రాజెక్టు ముందు పేజీలో నాలుగు మాటలు రాసిపెట్టాను. ఇక్కడ ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. రాసింది చదవడానికి రెండో మనిషి కావాలి. వచ్చినవాళ్ళకి నేర్పుతాను. వచ్చేదాకా కొత్తవేవీ లోపలికి వెళ్ళవు.

ఆఫీసుకి వెళ్ళగానే ఆసుపత్రి నర్సుకి ఫోన్ చేసి, మార్చి తేదీ పడ్డవాళ్ళందరికీ ఫిబ్రవరిలోనే రమ్మని కబురు చెప్పించే ఏర్పాటు చేశాను. జబ్బు మనుషులతో నాకు పేచీ లేదు. ఆ తర్వాతే మేనేజరు గదిలోకి వెళ్ళాను.

"అయిపోయిందా మేడమ్?"

"రాయడం అయిపోయింది సార్. రెండో మనిషి చదివి ఒప్పుకోవాలి. మన టీములో ఒకరికి ఆ టైము ఇస్తే ఇవాళే అయిపోతుంది."

"మళ్ళీ అదేనా?" ఆయన తెర తిప్పి చూపించారు, ముందే చూసి పెట్టుకున్నట్టున్నారు. "ఇన్నాళ్ళూ మీవన్నీ ఒప్పుకున్నది రబ్బరట, వాడున్నాడు కదా. ఈ ఒక్కటీ వాణ్ణే కానిచ్చేయమనండి."

"ఇక రాదండీ."

"రాకపోవడమేమిటి, నేను మాట్లాడతాను. బతిమాలితే ఎవడైనా వింటాడు. నంబరివ్వండి."

ఆయన బల్ల మీది చీటీ తీసుకుని నంబరు రాసిచ్చాను. ఆయన ఫోను తీసి నొక్కడం మొదలుపెట్టారు. సగంలో తెర మీద నా పేరు వచ్చినట్టుంది, వేలు ఆగింది. చీటీ వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఇది మీ నంబరు కదా?"

"అవునండీ," అన్నాను. "ఆవిడ ఇన్నాళ్ళూ ఒక్కరోజు సెలవు లేకుండా చేసింది. ఇవాళ పొద్దున నేనే మాన్పించాను."